శాంతమ్మత్తకు దుప్పటి కప్పినవాళ్ళు

నల్లగొండలో చూడటానికేముంది అంటారు. అలా అనేవాళ్ళలో సగంమంది నల్లగొండ వాళ్ళే. హైదరాబాదు నుంచి సాగర్ చూడటానికి కార్లలో పోయేవాళ్ళయితే నల్లగొండలో టీ కూడా తాగరు. అందుకే ఇది రాస్తున్నాను. వెళ్ళనివాళ్ళు వెళ్ళాలని. ఇంకో కారణం కూడా ఉంది, అది దారిలో వస్తుంది.

నేను హాలియాలో ఉంటాను. మండల ఆఫీసులో చిన్న ఉద్యోగం. మీటింగులకని నల్లగొండ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు గానీ ఊరు చూద్దామని వెళ్ళింది ఈ ఒక్కసారే. అదీ మా మేనత్త శాంతమ్మ అడిగింది కాబట్టి.

మా నాయినకు ఒక్కతే చెల్లెలు. కోస్గి దగ్గర పల్లెలో ఇచ్చారు. భర్త పోయాక కొడుకు దానియేలుతో కోస్గిలో ఉంటోంది. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడి సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెట్టి, మోకాళ్ళు మొరాయిస్తే మానేసింది. ఏడాదికోసారి వచ్చి మా ఇంట్లో వారం రోజులుంటుంది. ఈసారి వచ్చినప్పుడు అంది:

"సునీతా, నల్లగొండల పెద్ద గుడి ఉన్నదంట గద. బిషపు గారు కూసునేది. ఎంత పెద్దగుంటదో ఒక్కపాలి సూపియ్యరాదె."

బిషపు గారి పీఠం ఉండే గుడిని కథెడ్రల్ అంటారు. అది ఉన్న ఊరికి క్రైస్తవుల్లో ఒక పెద్దరికం. మా జిల్లాలో ఆ పెద్దరికం నల్లగొండది. రెండో శనివారం ఆఫీసు లేదు. ఇంత సద్ది తిని బయల్దేరాం.

బస్సులో

ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్లు రెండు ఇచ్చాడు. సీట్లు దొరికాయి. వెనకనుంచి తెల్ల లుంగీ కట్టుకున్న ఒకాయన, మాకు వినపడాలనే, గొంతు పెంచాడు.

"ఫ్రీ అంటే సాలు, పనున్నా లేకున్నా బస్సెక్కుడే. పైసలిచ్చెటోడు నిలబడాలె."

నాకు చుర్రుమంది. ఈ ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ నాట్లేసి, కలుపు తీసి, కూలికి నడిచిపోయినప్పుడు వీళ్ళెవరూ లెక్క అడగలేదు. వెనక్కి తిరిగి ఆ మాటే అనబోతుంటే అత్త నా చేతి మీద చెయ్యి వేసింది. తను కిటికీ వైపు ఒదిగి, నన్ను తన మీదికి లాక్కుని, చివర జానెడు జాగా చేసింది.

"రా నాయినా, కూసో. కాళ్ళు గుంజుతున్నయా?"

ఆయన కూర్చున్నాడు. కూర్చోకపోతే బాగుండునని నేననుకున్నాను. కనగల్ రాకముందే తన మోకాళ్ళ నొప్పి సంగతి, వడ్ల తేమ సంగతి, పెద్దకోడలి నోటి సంగతి అత్తతో చెప్పుకుంటున్నాడు. దిగేటప్పుడు "పోయొస్త అక్కా" అన్నాడు. నాతో ఏమీ అనలేదు. నా కోపం మాత్రం నాతోనే నల్లగొండ దాకా వచ్చింది.

వరికోతల రోజులు. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. బస్సు రెండో పక్క ఒదిగి ఒదిగి పోతోంది. అత్త కిటికీలోంచి కళ్ళు తిప్పలేదు.

"గిన్ని వడ్లు తొవ్వ మీద పోసి ఇంటికి పోయిండ్రు, ఎవ్వలు ఎత్తుకపోరా?"

"ఎన్నని ఎత్తుకపోతారత్తా? అందరి ఇళ్ళలో ఉన్నాయి."

"మా దిక్కు కంది, జొన్న. మొగులు జూసి బతుకుతం. మీరు కాలువ జూసి బతుకుతరు." కాసేపాగి మళ్ళీ అంది. "గని మా జొన్నరొట్టె రుచి మీ తెల్లన్నంల లేదు."

ఆ మాటకు నేనూ తలూపాను. నిజమే కాబట్టి.

చాయ్ హోటల్లో

నల్లగొండలో దిగాక అత్తకు చాయ్ కావాలి. బస్టాండు పక్కన ఒక హోటల్లో కూర్చున్నాం. పదిహేను రూపాయల చాయ్. హాలియాలో పదికే ఇస్తారు, పైగా కొంచెం ఎక్కువ పోస్తారు. పక్క బల్ల మీద వాళ్ళు గాజు గ్లాసుల్లో తాగుతున్నారు. మా ముందు కాగితం కప్పులు పెట్టాడు.

ఇందులో ఏముంది అనుకునేవాళ్ళు ఉంటారు. మా నాయిన చిన్నప్పుడు ఊరి హోటల్లో మావాళ్ళ గ్లాసులు బయట చూరులో వేరే పెట్టేవారు. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఆ మాటలు వింటూ పెరిగినవాళ్ళకు ఎవరి ముందు ఏ గ్లాసు పెట్టారో చూడటం అలవాటైపోతుంది. నేను లేచి గల్లా పెట్టె దగ్గరికి వెళ్ళాను.

"మాకెందుకు కాగితం కప్పులు?"

గల్లా మీద కూర్చున్న గడ్డం పెద్దాయన బెదిరిపోయాడు. "గ్లాసులు కడగనీకి మనిషి రాలేదమ్మా ఇయ్యాల. ఉన్నయి అయిపోయినయి. జర చూడండ్రి."

చూశాను. మా వెనక వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ కాగితం కప్పులే. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "అందరికి కాయితమే. కూసో, చాయ్ సల్లగైతది." పెద్దాయన మాకు రెండు ఉస్మానియా బిస్కెట్లు ఊరికే పంపించాడు. నేను సిగ్గుపడ్డాను గానీ, అడిగినందుకు కాదు. అడగాల్సినంత చరిత్ర మాకు ఉన్నందుకు ఎవరు సిగ్గుపడాలో నాకు తెలుసు.

గుడి లోపల

పెద్ద గుడి పెద్దదే. ఎండలోంచి లోపలికి అడుగుపెడితే చల్లగా, చీకటిగా, ముందు ఏమీ కనపడలేదు. కళ్ళు కుదురుకున్నాక వరుసగా బల్లలు, దూరంగా పీఠం, పూలదండలో మరియమ్మ కనపడ్డాయి. మధ్యాహ్నం పూట కాబట్టి పూజ లేదు. ఇద్దరు ముగ్గురు మోకరించి ఉన్నారు.

ఇది కాథలిక్కుల గుడి. మా ప్రొటెస్టెంట్ల గుళ్ళలో విగ్రహాలుండవు. కొవ్వొత్తులు వెలిగించడం ఉండదు. అత్త ఒక్కొక్కటీ కొత్తింటికి వచ్చిన చుట్టంలా చూసింది. బల్ల చెక్కను చేత్తో తడిమింది. పైకప్పు వైపు చాలాసేపు చూసింది.

"మా గుడికి రేకులు గద బిడ్డా. వానొస్తే పాస్టరు జెప్పేది ఒక్క ముక్క వినరాదు. వాన తగ్గేదాంక పాటలే పాడుతం." గొంతు తగ్గించింది. "గీడ వానొచ్చినా వినొస్తది."

తర్వాత మోకాళ్ళ నొప్పి ఉన్నా మోకరించింది. దానియేలు పేరు, వాడి వెల్డింగు షాపు, తాండూరులో ఉన్న కూతురు, మనవళ్ళు, మా నాయిన, నేను అందరం ఆ ప్రార్థనలోకి వచ్చాం. బస్సులో తెల్ల లుంగీ ఆయన మోకాళ్ళు కూడా వచ్చాయి.

"నేను బైట కూసుంట. నువ్వు నిమ్మళంగ సూసి రా" అని అత్త ముందు వెళ్ళింది. గుడి చూశాక హోటల్లో బిర్యానీ తిందామని నేనే చెప్పి ఉంచాను. లోపల ఆ చల్లదనంలో నేను కొంచెం ఎక్కువసేపు కూర్చున్నాను.

గేటు బయట

నేను బయటికి వచ్చేసరికి మా అత్త రోడ్డు పక్కన, చెట్టునీడలో గట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు విడిచి, కొంగు తల మీదికి కప్పుకుని, సంచి పక్కన పెట్టుకుంది. ఆమె భుజాల చుట్టూ కొత్త దుప్పటి. మిట్టమధ్యాహ్నం పూట దుప్పటి! చేతుల్లో అన్నం పొట్లం. ముందు ముగ్గురు కుర్రవాళ్ళు. ఒకడు కర్రకు బిగించిన ఫోను పట్టుకున్నాడు. తెల్లచొక్కా వాడు అత్త పక్కన గొంతుక్కూర్చుని ఫోను వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు.

"ఫ్రెండ్స్, చూస్తున్నరు కదా. ఈ అవ్వకు ముందూ వెనకా ఎవ్వరూ లేరు. ఎన్ని రోజులైందో తిని. అవ్వా, తిన్నవా?"

"లే బిడ్డ, ఇంగ తినలే" అంది మా అత్త.

"చూసిండ్రా ఫ్రెండ్స్, గుండె తరుక్కుపోతుంది."

అత్త రెండు చేతులూ ఎత్తి వాడి తల మీద పెట్టింది. "సల్లగుండు బిడ్డా. దేవుడు నిన్ను సల్లగ సూడాలె."

నేను ఎలా అక్కడికి వెళ్ళానో గుర్తులేదు. ఫోనుకూ అత్తకూ మధ్య నిలబడ్డాను.

"ఎవర్రా మీరు? ఎవరినడిగి తీస్తున్నారు?"

తెల్లచొక్కా వాడు లేచాడు. భయం లేదు, విసుగే ఉంది. "మేడమ్, మేం సేవ చేస్తున్నం. మీరు ఫ్రేములకెల్లి జర జరగండి."

"ఆమె మా మేనత్త. ఆమెకు కొడుకున్నాడు, కూతురుంది, నేనున్నాను. తీసేయ్ అది."

"లైవ్ పోయింది మేడమ్. ఇప్పుడెట్ల తీస్తం?"

నలుగురు చేరారు. చేరినవాళ్ళు నా పక్కన నిలబడతారనుకున్నాను. హెల్మెట్ చంకలో పెట్టుకున్న ఒకాయన నాకే నీతి చెప్పాడు.

"ఈ కాలంల ఎవడు పెడతడమ్మా ఒకరికి అన్నం? పిల్లలు పాపం మంచి పని చేస్తుంటే గొడవేంది? ఆమె కూడ తీసుకున్నది గద."

"ఎవరని అడిగి పెట్టాలి కదండీ!"

"ఆమె కూసున్నది, ఆ చీర, అవి చూసి అనుకున్నరు. తప్పేముంది?"

ఆ చీర పోయిన క్రిస్మస్‌కు నేను పెట్టింది. ఉతికి, మడిచి, పరుపు కింద పెట్టి, ఈ గుడికి వస్తున్నానని ఆ పొద్దున తీసి కట్టుకుంది. ముసలామె, నల్లనామె, గుడి ముందు గట్టు మీద కూర్చుంది. అంతే, వీళ్ళకు లెక్క తేలిపోయింది. అదే గట్టు మీద ఆ హెల్మెటాయన వాళ్ళమ్మ కూర్చుంటే కాళ్ళు నొప్పి అనుకునేవాళ్ళు.

అత్తకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. గుడివాళ్ళు ప్రేమవిందు పెడుతున్నారనుకుంది. మా దగ్గర పండగల్లో గుడిలో అందరూ కలిసి తినే అన్నాన్ని అలాగే అంటాం. "ఏమైంది సునీతా? పోరగాండ్లను ఎందుకు గట్ల అరుస్తున్నవు?" అంది.

నేను కర్ర పట్టుకున్నవాడి చేతిలోంచి ఫోను తీసుకుని ఆ వీడియో ఆమెకు వినిపించాను. వినిపించి ఉండాల్సింది కాదేమో. కానీ ఆమె గురించి చెప్పింది ఆమెకు తెలియొద్దా?

అత్త విన్నది. ఇంకోసారి పెట్టమంది. మళ్ళీ విన్నది.

"నాకెవ్వలు లేరన్నడా?"

ఆమె పొట్లం గట్టు మీద పెట్టింది. భుజాల మీది దుప్పటి తీసి, నాలుగు మడతలు వేసి, తెల్లచొక్కా వాడి చేతుల్లో పెట్టింది.

"బిడ్డా, నేను నిన్ను దీవించిన. గది నిజంగనే దీవించిన, మల్ల తీసుకోను. గని నాకు కొడుకున్నడు. దానియేలు. బతికున్నోన్ని లేనోన్ని జేస్తివి గదా నువ్వు."

వాడు దుప్పటి చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాడు. మిగతా ఇద్దరూ అప్పటికే మోటారు సైకిలు స్టార్టు చేస్తున్నారు.

జామకాయల బండి

వాళ్ళు పోయేవాళ్ళే. కానీ గేటు పక్కన జామకాయలమ్ముతున్న ఆమె తన తోపుడు బండిని నెట్టుకొచ్చి సరిగ్గా మోటారు సైకిలు ముందు ఆపింది. నల్ల బురఖా, పైటలా చుట్టుకున్న తువ్వాలు, యాభై దాటిన వయసు. పేరు ఖాజాబీ అని తర్వాత చెప్పింది.

"పోతరా? పోండ్రి. నా బండి మీదికెల్లి పోండ్రి."

"అమ్మా, నీకెందుకు మధ్యల?"

"నాకెందుకా? పోయిన రంజాన్‌ల నన్ను గూడ గిట్లనే తీస్తివి. నీళ్ళు తాగుతావా అమ్మా అంటివి. దిక్కులేని ముసల్ది ఎండల సస్తాందని వీడియో పెడితివి. మా బిడ్డ అత్తగారింట్ల అందరు సూసిండ్రు. నా అల్లుడు నెల దినాలు మా గడప తొక్కలే. ఇజ్జత్ నీ అయ్య సొమ్మారా?"

హెల్మెటాయన మెల్లగా జారుకున్నాడు. చేరినవాళ్ళ ముఖాలు మారాయి. ఎవరో "తీసెయ్యరాదురా బై" అన్నారు. తెల్లచొక్కా వాడు ఫోను తీసి నా ముందే వీడియో తీసేశాడు. నేను కళ్ళతో చూసేదాకా వదల్లేదు. "మస్తు లైకులొచ్చినయి" అని గొణిగాడు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నా చెంపలు వేడెక్కుతాయి. క్షమించమని ముగ్గురిలో ఒక్కడూ అనలేదు.

ఖాజాబీ బండి పక్కకు తీసింది. వాళ్ళు పోయాక నాలుగు జామకాయలు కోసి ఉప్పూకారం చల్లి అత్త చేతిలో పెట్టింది. పైసలివ్వబోతే అత్తే ఆపింది. తన సంచిలోంచి నేను కట్టిచ్చిన సకినాలు తీసి సగం ఆమెకు పెట్టింది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని అల్లుళ్ళ గురించి మాట్లాడుకున్నారు. అన్నం పొట్లం ఎవరూ ముట్టుకోలేదు.

పానగల్

ఇంటికి పోదాం అన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"నువ్వు పానగల్ అన్నవు గద, పాత గుడి, నీడ పడుతదని. సూసే పోదాం. గా పోరగాండ్ల కోసం నా పూట నేనెందుకు ఖరాబ్ జేసుకోవాలె?"

ఆటో ఎక్కాం. పానగల్ నల్లగొండను ఆనుకునే ఉంటుంది. అక్కడ రాతి శివాలయంలో లింగం వెనక స్తంభం నీడ పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ కదలదు. మేం వెళ్ళేసరికి వెలుగు తగ్గింది కానీ నీడ ఉంది. అత్త గడప బయట నిలబడి తొంగి చూసింది. "ఎవలు గట్టిండ్రో గని మనసు పెట్టి గట్టిండ్రు" అంది. మనిషి చేతి పనిని మెచ్చుకోవడానికి ఆమెకు మతం అడ్డురాలేదు.

మంటపం మెట్ల మీద కూర్చున్నాం. పక్కన ముగ్గురు కాలేజీ ఆడపిల్లలు ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి అత్తను చూసి, ఫోను చూసి, మళ్ళీ అత్తను చూసింది. బ్యాగులోంచి బిస్కెట్ పుడ తీసి దగ్గరికి వచ్చింది.

"అవ్వా, తీసుకో. ఇందాక మీ వీడియో చూసిన. మస్తు బాధైంది."

నా కళ్ళ ముందే తీసేసిన వీడియో! తీసేసేలోపే ఎవరో దాన్ని దాచుకున్నారు, ఇంకెవరికో పంపారు. నాకు కోపంతో మాట తడబడింది. అయినా చెప్పాను, మొదటినుంచీ. ఆ అమ్మాయి ముఖం తెల్లబోయింది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"సారీ అవ్వా. నాకు తెల్వదు."

"నీదేం తప్పు లేదు. ఆకలైతే అయితాంది గని, ఊకె తీసుకోను. ముగ్గురు కూసోండ్రి, అందరం తిందాం."

మిగిలిన సకినాలు, జామకాయలు, ఆ బిస్కెట్లు మధ్యలో పెట్టుకుని అయిదుగురం తిన్నాం. బిర్యానీ సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఆ అమ్మాయి తనకు వచ్చిన గ్రూపులో అది అబద్ధమని రాసింది. రాసి నాకు చూపించింది. ఎంతమంది చదివారో నాకు తెలియదు. అబద్ధానికి ఉన్న కాళ్ళు ఆ నాలుగు ముక్కలకు లేవని మాత్రం తర్వాత తెలిసింది.

హాలియా, కోస్గి

మూడో రోజు పొద్దున దానియేలు చెప్పకుండా మా ఇంటికి వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడు. అన్నం తినలేదు, కాళ్ళు కడుక్కోలేదు. గడపలోనే నిలబడి ఫోను తీశాడు. అందులో దుప్పటి కప్పుకుని మా అత్త. "ఇంగ తినలే" అంటోంది.

"షాపు కాడికొచ్చి మరీ సూపిస్తున్నరే అమ్మా. తల్లిని నల్లగొండల ఇడిసిపెట్టినవట్రా అంటున్నరు. పిల్లనిచ్చిన మామ ఫోన్ జేసి తిట్టిండు. నీ కోడలు రెండు దినాలసంది ఏడుస్తాంది."

వాడు పెద్దమనిషి. నలభై దాటాడు. అయినా చిన్నపిల్లాడిలా గడప దగ్గరే నిలబడ్డాడు. జరిగింది చెప్పాను. వాడు కూర్చున్నాడు, తర్వాత ఫోను నా చేతికి ఇచ్చాడు.

"వదినా, నువ్వు తియ్యి. అమ్మ పక్కన నేను కూసుంట. నేను ఫలానా, వీడు నా కొడుకు, వాళ్ళు జెప్పింది అబద్ధమని అమ్మ జెప్పాలె. అందరికి పంపుత."

నాకు ఆ ఆలోచన నచ్చింది. కోపమొచ్చిన మనిషికి నచ్చే ఆలోచనే అది. కానీ అత్త ఫోను వైపు చూడలేదు.

"నాకు కొడుకున్నడని ఊరందరికి జెప్పుకునేటందుకు నేనేం తప్పు జేసిన దానియేలూ? నువ్వేం తప్పు జేసినవు? జెప్పేదుంటే గాళ్ళు జెప్పాలె."

"గాళ్ళు జెప్పరమ్మా!"

"జెప్పకపోతే జెప్పకపోనీ. పా, పోదాం."

ఆ మధ్యాహ్నమే తల్లీకొడుకులు బయల్దేరారు. కోస్గిలో దిగాక జరిగింది రాత్రి దానియేలు నాకు ఫోనులో చెప్పాడు. ఆ రోజు అక్కడ వారపు అంగడి. బస్టాండు నుంచి ఇంటికి వెనకసందులోంచి పోదామని వాడు ఆటో పిలిచాడట. అత్త ఎక్కలేదు. మోకాళ్ళు పట్టుకుని, అంగడి నడుమనుంచి నడిచింది. కొడుకు సంచి పట్టుకుని వెనక నడిచాడు. కూరగాయల దగ్గర, కందిపప్పు దగ్గర, గాజుల దగ్గర జనం మాటలు ఆపి చూశారు. చివరికి ఉల్లిగడ్డలమ్మే ఒకామె ఉండబట్టలేక అడిగింది.

"శాంతమ్మా, నల్లగొండ పోయినవంట?"

"పోయిన" అంది మా అత్త, అందరికీ వినపడేలా. "పెద్ద గుడి మస్తుగున్నది. నువ్వు గూడ పో. బస్సు ఫ్రీనే గద."